గోడవైపు తిప్పిన బొమ్మలు

డాక్టర్లకి నవలలు చదివే తీరిక ఎక్కడిదండీ అని మన సంఘంలో చాలామందికి అనుమానం. నిజమే, తీరిక లేదు. మా ఇంట్లో డాక్టర్లం ఇద్దరం. మాలో ఒకరిది కాన్పుల వార్డు, ఇంకొకరిది గుండెజబ్బుల విభాగం. ఒకరు డ్యూటీకి వెళ్ళే వేళకి రెండోవారు వస్తారు. అయినా ఈ చలికాలం మేము తొమ్మిదివందల పేజీల నవల ఒకటి పూర్తి చేశాం. ఒకరు చదివి ఎక్కడ ఆపారో అక్కడ బస్సు టిక్కెట్టు పెట్టడం, రెండోవారు అక్కణ్ణించి అందుకోవడం, ఆదివారం నాడు ఇద్దరం కూచుని పోట్లాడుకోవడం. ఇదీ మా పారాయణ పద్ధతి. ఆ పోట్లాటలో మిమ్మల్ని కూడా కలుపుకుందామనే ఈ వ్యాసం.

ఆ నవల జాన్ గాల్స్‌వర్దీ వ్రాసిన 'ది ఫోర్‌సైట్ సాగా'. మా వీధి చివర ధర్మార్థం నడిపే పాత సామాన్ల దుకాణంలో రెండు పౌండ్లకి దొరికింది. మూడు నవలలూ, వాటి మధ్య రెండు చిన్న కథలూ కలిపి 1922లో ఒకే సంపుటంగా వేశారు. మొదటిది 'ది మాన్ ఆఫ్ ప్రాపర్టీ', అంటే ఆస్తిపరుడు, 1906లో వచ్చింది. తరవాతవి 'ఇన్ చాన్సరీ' 1920లోనూ, 'టు లెట్' 1921లోనూ వచ్చాయి. కథ 1886లో ఒక పెళ్ళినిశ్చయం విందుతో మొదలై 1920 దాకా నడుస్తుంది. తాతలు, తండ్రులు, మనవలు, మూడు తరాల ప్రేమలూ పగలూ అందులో ఉన్నాయి. ఆ పైన ఇంకో మూడు నవలలు కూడా ఉన్నాయి గాని వాటి సంగతి తరవాత.

ఈ దేశంలో పెద్దవాళ్ళకి ఈ కథ పుస్తకంగా కంటే టెలివిజన్ బొమ్మగానే ఎక్కువ గుర్తు. గాల్స్‌వర్దీ పుట్టి నూరేళ్ళయిన 1967లో బీబీసీ దీన్ని ఇరవైఆరు భాగాలుగా తీసింది. మరుసటేడు అందరి ఇళ్ళకీ అందే చానెల్లో ఆదివారం రాత్రుళ్ళు మళ్ళీ వేశారు. ఆ గంటకి జనం ఇళ్ళు కదలక, కొన్ని చర్చీలవాళ్ళు సాయంకాలపు ప్రార్థన వేళలే మార్చుకున్నారు. మా వార్డులో ఓ పెద్దావిడ మంచంమీద ఈ పుస్తకం చూసి, "సోమ్స్‌ని అసహ్యించుకుంటున్నావా, లేక అప్పుడే జాలిపడడం మొదలెట్టావా?" అని అడిగింది. ఈ కథని గురించి ఇంతకంటే మంచి ప్రశ్న మాకు ఇంతవరకూ తట్టలేదు.

సోమ్స్ ఫోర్‌సైట్ లండనులో ఒక సొలిసిటరు. డబ్బున్న వంశం. వాళ్ళ పెద్దలు తేయాకు వర్తకంలోనూ, ఇళ్ళ కొనుగోళ్ళలోనూ, వాటాల్లోనూ గడించారు. సోమ్స్‌కి ఒక్క వ్యసనం ఉంది, చిత్రపటాలు కొనడం. పై అంతస్తులో చిన్న గది. దాన్నిండా పటాలే. వేలాడదియ్యడానికి గోడలు చాలక చాలావాటిని నేలమీద, మొహం గోడవైపు తిప్పి దొంతరలుగా పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి తిప్పి, వెనకవైపున్న గుర్తులు పరీక్షించి, ఏవో లెక్కలు వ్రాసుకుంటాడు. ధర పెరిగిందనిపిస్తే ఒకటో రెండో బండిలో వేసుకుపోయి దళారీకి అమ్మేస్తాడు. ఆ పటాల్ని అరుదుగా తప్ప ఎవరికీ చూపించడు. భార్య అభిప్రాయమంటే అతనికి లోలోపల గౌరవమే. అందుకనే కాబోలు, ఏనాడూ ఆవిడ్ని అడగడు.

ఇది చదివి మేము మొదట నవ్వుకున్నాం. రెండు రోజుల తరవాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ గది వర్ణన అయిదారు వాక్యాలే గాని, నవలంతా ఆ గదిలోనే ఉంది. సోమ్స్‌కి కళ తెలియదని రచయిత ఎక్కడా అనడు. తెలుసు. మంచి కన్నుంది. పదిమందీ మెచ్చకముందే మంచి బొమ్మని పసిగట్టగలడు. కాని దాన్ని చూసి ఊరుకోలేడు, తనది కావాలి. తనదయ్యాక మొహం గోడకి తిప్పి పెడతాడు.

అతని భార్య ఐరీన్ కూడా అలాంటి కొనుగోలే. చాలా అందగత్తె, ఆస్తి లేని ఒక ప్రొఫెసరుగారి కూతురు. పెళ్ళి వద్దు వద్దంటున్నా వదలకుండా తిరిగి ఒప్పించుకున్నాడు. పెళ్ళికి ముందు ఆవిడ ఒక్క మాట తీసుకుంది, ఈ కాపురం కుదరకపోతే నా దారిన నన్ను పోనివ్వాలి అని. సరేనన్నాడు. కాపురం కుదరలేదు. మాట మాత్రం సోమ్స్‌కి గుర్తు లేదు. పైగా ఆవిడని లండనుకి దూరంగా ఉంచుదామని రాబిన్ హిల్ అనేచోట ఇల్లు కట్టించడం మొదలెడతాడు. ఇల్లు గీసిన ఆర్కిటెక్టు బాసినీ, సోమ్స్ పెదనాన్న మనవరాలు జూన్‌కి కాబోయే భర్త. ఆ బాసినీ, ఐరీన్ ఒకరినొకరు ప్రేమిస్తారు. సోమ్స్ ఏంచేశాడు? ఇంటి ఖర్చు ఒప్పుకున్నదానికంటే 350 పౌండ్లు మించిందని బాసినీమీద దావా వేశాడు! మనసుకి తగిలిన దెబ్బని కూడా పౌండ్ల లెక్కలోకి మార్చుకుంటేగాని అతనికి అర్థం కాదు.

ఆ తరవాత ఒక రాత్రి, గడియ వెయ్యని గదిలోకి వెళ్ళి భర్తగా తన హక్కు చెలాయిస్తాడు. గాల్స్‌వర్దీ ఆ రాత్రిని వర్ణించడు. మర్నాడు పొద్దున సోమ్స్ ఒక్కడూ ఫలహారం తింటూ, తను చేసింది తప్పేమీ కాదని తనకి తాను నచ్చచెప్పుకోవడం మాత్రం చూపిస్తాడు. ఆ మర్నాటి పొద్దే ఎక్కువ భయంకరం. చట్టం అతని పక్షానే ఉంది మరి. భార్యమీద భర్త చేసే ఈ బలాత్కారం నేరమేనని ఈ దేశపు ప్రభువుల సభ తీర్పు చెప్పేసరికి 1991వ సంవత్సరం వచ్చింది. మన దేశంలో 2023లో తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా భర్తకి ఆ మినహాయింపు అలాగే ఉంచారు. కాబట్టి ఇది పాతకాలపు తెల్లదొరల కథ, మనకెందుకులే అని పుస్తకం మూసెయ్యడానికి వీల్లేకపోయింది. కాన్పుల వార్డులో పనిచేసేవాళ్ళకి ఆ మర్నాటి పొద్దులు ఎన్నో ఎదురవుతాయి. ఏ దేశపు ఆడవాళ్ళయినా వాటి గురించి చెప్పరు, మనమే గ్రహించాలి.

తమాషా ఏమిటంటే, గాల్స్‌వర్దీకి ఇది విన్న కథ కాదు. అతనూ లా చదివినవాడే, 1890లో బారిస్టరయ్యాడు. తన దాయాది భార్య ఏడాని ప్రేమించాడు. తండ్రి మనసు కష్టపెట్టలేక పదేళ్ళపాటు ఇద్దరూ చాటుగానే మసిలారు. 1904లో ఆ తండ్రి పోయాకనే విడాకులు నడిచి, 1905లో వాళ్ళ పెళ్ళి జరిగింది. మరుసటేడే మొదటి నవల అచ్చయింది. అంటే ఐరీన్ పక్షాన వాదించేవాడు స్వయంగా ఆ కేసులో కక్షిదారే. అయినా పుస్తకం సాగుతున్నకొద్దీ ఈ రచయిత పగవాడి గుండెలోకి దిగిపోతాడు. ఐరీన్ మనసులోకి మనల్ని ఒక్కసారి కూడా తీసుకువెళ్ళడు. ఆవిణ్ణి ఎప్పుడూ ఇతరుల కళ్ళతోనే చూస్తాం, ఒక పటాన్ని చూసినట్టు. సోమ్స్ మనసులోకి మాత్రం వందల పేజీలు ప్రయాణం చేస్తాం. ఆ పెద్దావిడ అన్న జాలి అక్కణ్ణించే పుట్టుకొస్తుంది.

సరిగ్గా ఇదే రోజుల్లో మన గురజాడవారి 'కన్యాశుల్కం' వచ్చింది, 1892లో ఆడారు, 1897లో అచ్చు వేశారు. అక్కడ లుబ్ధావధాన్లు పిల్లని రొక్కమిచ్చి కొనుక్కోబోతాడు. ఇక్కడ సోమ్స్ రొక్కం ఇచ్చానని అనడు, ప్రేమించాననే అంటాడు. నిజంగానే ప్రేమించాడు కూడాను. లుబ్ధావధాన్లని చూసి నవ్వెయ్యగలం. ప్రేమించి, ఆ ప్రేమనే దస్తావేజు చేసుకున్నవాడిని చూసి నవ్వడం కష్టం.

మాలో కాన్పుల వార్డువారిని నిద్రపోనివ్వని ఘట్టం రెండో నవలలో ఉంది. ఐరీన్‌తో విడాకులయ్యాక సోమ్స్ కొడుకు కోసం, ఆస్తికి వారసుడి కోసం, అనెట్ అనే ఫ్రెంచి పిల్లని చేసుకుంటాడు. 1901లో ఆవిడకి కాన్పు కష్టమవుతుంది. డాక్టరు బయటికి వచ్చి సోమ్స్‌ని అడుగుతాడు: ఆపరేషన్ చేస్తే తల్లి నిశ్చయంగా బతుకుతుంది, బిడ్డ దక్కదు. చెయ్యకపోతే బిడ్డ బహుశా దక్కుతుంది గాని తల్లికి చాలా ప్రమాదం. ఎలా అయినా ఆవిడకి ఇక పిల్లలు పుట్టరు. ఏం చెయ్యమంటారు? సోమ్స్ ఆలోచించి ఆపరేషన్ వద్దంటాడు. అదృష్టం బాగుండి ఇద్దరూ దక్కుతారు. పుట్టింది ఆడపిల్ల, ఫ్లూర్.

ఆ రోజుల్లో మందులు తక్కువ, ఆ రెండు దారులూ నిజంగానే ఉండేవి, బిడ్డను వదులుకుని తల్లిని దక్కించుకోవలసి వచ్చేది. దానికి డాక్టరుని ఏమీ అనలేం. మమ్మల్ని బాధించింది ఒక్కటే. లోపల మంచంమీద స్పృహలో ఉన్న మనిషిని ఎవ్వరూ అడగలేదు. ప్రశ్న గది బయట అడిగారు, జవాబు గది బయటే వచ్చింది. మేము ఇంటిదగ్గర హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు కాగితంమీద సంతకం కోసం వరండాలోకి వెళ్ళి "ఈవిడ తాలూకు ఎవరండీ?" అని కేకవెయ్యడం గుర్తొచ్చింది. తాలూకు! ఆ ఒక్క మాటలో ఎంత ఆస్తి చట్టం దాగుందో ఈ నవల చదివాక తెలిసింది.

ఇంతా చేసి ఈ సోమ్స్ రాక్షసుడు కాడు. నిజం చెప్పాలంటే మన సంఘంలో మర్యాదస్తుడిగా చలామణీ అయిపోగలడు. అప్పు చెయ్యడు. తాగడు. చెల్లెలి కష్టంలో పక్కన నిలబడతాడు. ఇల్లు కొనేముందు నేల పరీక్షిస్తాడు. మనమూ అంతే కదండీ! ఒకచోటికి నలుగురు తెలుగువాళ్ళం చేరితే ఇళ్ళ ధరలూ, వడ్డీ రేట్లూ, ఏ బడి మంచిదీ ఇవే కదా మాటలు. వచ్చినప్పుడు రెండు సూట్‌కేసులు. రెండు సూట్‌కేసులతో వచ్చినవాడికి దేన్నయినా గట్టిగా పట్టుకోవాలనిపించడం సహజం. కూతురు ఫ్లూర్ పుట్టాక సోమ్స్ కూడా మారతాడు. జీవితంలో మొదటిసారి ఏ లెక్కా వేసుకోకుండా ఒకరిని ప్రేమిస్తాడు. అయితే ఆ ప్రేమలోనూ పాత చేతివాటం పోదు. తనకి కావలసింది తన చేతికి రావలసిందేనన్న గుణం పిల్లకి తండ్రినుంచే వస్తుంది.

రెండోవైపు చూడండి. ఐరీన్ చివరికి చేసుకున్నది సోమ్స్ పెదనాన్న కొడుకు జోలియన్‌ని, జూన్ తండ్రిని. అతను నీటిరంగుల చిత్రకారుడు. ప్రేమ కోసం ఒకప్పుడు ఇల్లూ వాకిలీ వదులుకున్నవాడు. మనుషుల్ని సొంతం చేసుకోకూడదని నమ్మినవాడు. ఐరీన్ కోసం సోమ్స్ కట్టించిన ఆ రాబిన్ హిల్ ఇల్లే జోలియన్ తండ్రి కొంటాడు. చివరికి ఐరీన్ ఆ ఇంటికే ఇల్లాలవుతుంది, సోమ్స్‌కి కాకుండా. వాళ్ళ కొడుకు జాన్. అతనూ ఫ్లూరూ ఒకే యేడు పుట్టారు. పాత కథేదీ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

1920లో వాళ్ళిద్దరూ మొదట చూసుకునేది ఎక్కడనుకున్నారు? జూన్ నడిపే ఒక చిత్రశాలలో. పేరు రాని చిత్రకారుల్ని, శిల్పుల్ని చేరదియ్యడం జూన్‌కి అలవాటు. అక్కడికి సోమ్సూ, కూతురూ వస్తారు, ఐరీన్ కొడుకుతో వస్తుంది. ఫ్లూర్ చేతిరుమాలు కిందపడుతుంది. అంతే, ముప్ఫైనాలుగేళ్ళ పగ చేతిరుమాలు మీదుగా కొత్తతరంలోకి దిగుతుంది.

ఈ భాగంలో ఒక బొమ్మ రెండుసార్లు వస్తుంది. మాకు నవలంతటికీ కీలకం అదేననిపించింది. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1786లో వేసిన 'లా వెందీమియా', ద్రాక్షపళ్ళ కోత బొమ్మ. అసలుది మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది. సోమ్స్ దగ్గర దానికి నకలు ఒకటి ఉంది. అందులో పిల్లకి తన కూతురి పోలిక ఉందని దాన్నంటే ఇష్టం. ఇక ఐరీన్, కొడుకు ఫ్లూర్‌ని మరిచిపోవాలని అతన్ని స్పెయిన్ తీసుకువెళుతుంది. అక్కడ జాన్ ప్రాదోలో అసలు బొమ్మ ముందు నిలబడి కదలడు. అదేనా నీకు నచ్చిన గోయా బొమ్మ, అని తల్లి వెనకనుంచి అడిగితే, దొంగవస్తువు దాచుకునే బడిపిల్లాడిలా ఉలిక్కిపడతాడు. అతనికీ అందులో ఫ్లూరే కనిపిస్తోంది. ఒకే బొమ్మ, ఒకే పోలిక. తండ్రి దాని నకలు కొని గోడకి తగిలించుకున్నాడు. కుర్రవాడు అది ఉన్నచోటికి వెళ్ళి, ఉన్నచోటనే దాన్ని చూసి, వట్టిచేతులతో తిరిగివచ్చాడు. ప్రేమించడంలో ఉన్న రెండు పద్ధతులు ఇంత సులువుగా ఇంకెవరూ మాకు చూపించలేదు.

కాని కథ అక్కడ ఆగలేదు. పిల్లలు విడిపోరని తేలిపోయాక జోలియన్ కొడుక్కి ఒక ఉత్తరం వ్రాస్తాడు. సోమ్స్ మీ అమ్మని ఎలా చేసుకున్నాడో, ఆ రాత్రి ఏం జరిగిందో, ఆ పిల్లని చేసుకుంటే మీ అమ్మ ఏమైపోతుందో, అంతా వ్రాస్తాడు. అప్పటికి జోలియన్‌కి డెబ్బైరెండేళ్ళు. గుండె జబ్బు ఉందని, ఏ నిమిషాన్నయినా పోవచ్చని డాక్టర్లు చెప్పినా భార్యకి చెప్పకుండా దాస్తున్నాడు. మాలో గుండె విభాగంవారు ఇక్కడ పుస్తకం మూసి, "ఈ జబ్బుకి ఉత్తరాలు వ్రాయకూడదు" అన్నారు. జాన్ ఉత్తరం చదివిన రోజే జోలియన్ గుండె ఆగిపోతుంది. జాన్ ఫ్లూర్‌ని వదులుకుంటాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, తండ్రి శవం ఇంట్లో, తల్లి ఎదురుగా. ఇంకేం చేస్తాడు?

ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదు. అయినా మనుషుల్ని స్వేచ్ఛగా వదలాలని జీవితమంతా నమ్మిన ఆ చిత్రకారుడు, కొడుకు దగ్గరికి వచ్చేసరికి సోమ్స్ చేసిందే చేశాడు. సోమ్స్ చట్టంతో పట్టుకున్నాడు, ఇతను నిజంతో పట్టుకున్నాడు. కాదు, తల్లికి జరిగిన అన్యాయం కొడుక్కి తెలియవద్దా అని మాలో ఒకరు. తెలియాలి, కాని పంతొమ్మిదేళ్ళు దాచి అవసరమొచ్చిన రోజునే ఎందుకు తెలియాలి అని ఇంకొకరు. మూడు ఆదివారాలు ఈ తగువు తెగలేదు.

నాలుగో ఆదివారం మా ఊరినుంచి పెద్దనాన్నగారు ఫోను చేశారు. మా చిన్నాన్నగారి అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే పనిచేస్తున్న ఒక అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. ఆ అమ్మాయిది మా ఊరే. మా పొలానికీ వాళ్ళ పొలానికీ మధ్య ఒక పంటబోదె ఉంది. ఆ నీళ్ళమీద మా రెండు కుటుంబాలూ పాతికేళ్ళు కోర్టుచుట్టూ తిరిగాయి. కొట్లాటలో తలలు పగిలాయి. మా చిన్నాన్నగారు ఆ దిగులుతోనే పోయారని మా ఇంట్లో అందరి నమ్మకం. మా తమ్ముడు చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో పెరిగినవాడు, వాడికి ఇవేవీ సరిగ్గా తెలియవు.

"మీ మాటంటే వాడికి గురి, నాయనా," అన్నారు పెద్దనాన్నగారు. "వాళ్ళు మనకి చేసిందంతా వివరంగా ఒక ఉత్తరం వ్రాయండి. వాళ్ళ నాన్న ఎలా పోయాడో కూడా వ్రాయండి. చదివితే వాడే మానుకుంటాడు."

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పుస్తకం బల్లమీదే ఉంది.

పెద్దనాన్నగారు చెడ్డవారు కాదు. మా ఫీజులు కట్టడానికి ఆయన అమ్మిన అరెకరం మాకు తెలుసు. ఆయన మాట కాదనడం మాకు తేలిక కాదు. వ్రాయం అనెయ్యడం ఒక దారి. కాని మౌనం కూడా జోలియన్ చేసిందే కదా, ఇన్నాళ్ళూ. పెళ్ళయిన ఆర్నెల్లకి ఏ పెళ్ళివిందులోనో ఎవరో అనేస్తే అప్పుడు తెలియాలా వాడికి?

చివరికి మాకు దారి చూపించింది మా వృత్తే. ఆపరేషన్‌కి ముందు రోగితో మాట్లాడేటప్పుడు మాకొక నియమం ఉంది. ప్రమాదాలు దాచకూడదు. అలాగని మనకి కావలసిన జవాబు వచ్చేలా ప్రమాదాలనే పేర్చి చెప్పకూడదు. రెండువైపులా చెప్పాలి, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, తరవాత నోరు మూసుకుని కూచోవాలి. చెప్పడం మన బాధ్యత, నిర్ణయం అతనిది. నిజాన్ని ఎదుటివాడు ఆలోచించుకోవడానికి ఇవ్వవచ్చు, లొంగదీసుకోవడానికీ ఇవ్వవచ్చు. నిజం అదే, ఇచ్చే చెయ్యి వేరు.

అందుకని ఉత్తరం వ్రాశాం. వాళ్ళు మనకి చేసిందంతా వ్రాశాం. మనవాళ్ళు వాళ్ళకి చేసింది కూడా వ్రాశాం. ఒక వేసవి రాత్రి బోదెకి గండికొట్టి వాళ్ళ నారుమడి ఎండగట్టింది మనవాళ్ళే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు గాని అందరికీ తెలుసు. చిన్నాన్నగారికి అంతకుముందే పదేళ్ళనుంచి రక్తపుపోటు ఉందనీ, మందులు సరిగా వేసుకునేవారు కాదనీ, అదీ వ్రాశాం. డాక్టర్లం కనక అది చెప్పవలసిన బాధ్యత ఇంకెవరికంటే మాకే ఎక్కువ. చివర ఏ సలహా ఇవ్వలేదు. నువ్వు ఏం చేసుకున్నా మా ఇంటికి రావడానికి నీకు దారి తెరిచే ఉంటుందని మాత్రం వ్రాశాం. ఆ ఉత్తరం నకలు పెద్దనాన్నగారికి కూడా పంపాం. చాటుగా వ్రాయడం మాకిష్టం లేకపోయింది.

పెద్దనాన్నగారు మాతో మాట్లాడడం మానేశారు. ఇప్పటికి ఏడు వారాలు. పెద్దమ్మ మాత్రం ఆయన లేనప్పుడు ఫోను చేసి పిల్లలు తింటున్నారా అని అడుగుతోంది.

సోమ్స్ సంగతి ఏమైందో చెప్పలేదు కదూ. ఫ్లూర్ జాన్‌ని పోగొట్టుకుని మైకేల్ మాంట్ అనే అతన్ని చేసుకుంటుంది. తరవాతి మూడు నవలలు వాళ్ళ కథ. వాటిలో మొదటిది 1924లో వచ్చిన 'ది వైట్ మంకీ', తెల్ల కోతి. అది కూడా ఒక బొమ్మ పేరే. చైనా చిత్రం, సోమ్స్ కొని కూతురికిస్తాడు. కోతి పండు తినేసి తొక్కలు చుట్టూ పారేసి, పిండేసిన తొక్క ఒకటి చేతిలో పట్టుకుని, మనిషి కళ్ళలాంటి దిగులు కళ్ళతో మనవైపు చూస్తూ ఉంటుంది. అన్నీ దొరికి ఏదీ మిగలని ఫ్లూర్ తరానికి అంతకంటే వేరే వర్ణన అక్కర్లేదు. చివరిదైన 'స్వాన్ సాంగ్'లో, 1928లో, జాన్ మళ్ళీ చేజారిపోయాక ఫ్లూర్ ఒక రాత్రి తండ్రి చిత్రశాలలో సిగరెట్టు ఆర్పకుండా పారేస్తుంది. నిప్పంటుకుంటుంది. డెబ్బైయేళ్ళు దాటిన సోమ్స్ పటాల్ని ఒక్కొక్కటే కిటికీలోంచి కిందికి దింపుతూ, విసురుతూ కాపాడుకుంటాడు. ఆఖరికి కిందికి వస్తే, బరువైన పటం ఒకటి పైనుంచి జారి కూతురిమీద పడబోతుంటుంది. అతను ఆమెని తోసేసి తను దాని కింద పడతాడు. ఆ దెబ్బతోనే పోతాడు.

జీవితమంతా పటాల్ని పోగుచేసినవాడు ఆ ఒక్క నిమిషం పటాన్ని చూడలేదు, మనిషిని చూశాడు. మా పోట్లాట అక్కడ ఆగింది. పెద్దావిడ అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. అసహ్యించుకోవడమూ నిజమే, జాలిపడడమూ నిజమే, ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. వార్డులో రోజూ చూసే మనుషులు కూడా ఇలాగే ఉంటారు. భార్యని ఏడిపించినవాడే ఆవిడ మంచం పక్క రాత్రంతా నిలబడతాడు. ఏది రాసుకోవాలో తెలియక కేసుషీటులో ఏదీ రాయం.

గాల్స్‌వర్దీకి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. తీసుకోవడానికి వెళ్ళలేనంత జబ్బుగా ఉన్నాడు. 1933 జనవరి ఆఖరున హాంప్‌స్టెడ్‌లోని గ్రోవ్ లాడ్జ్ అనే ఇంట్లో పోయాడు. లండనులో ఉన్నవారు ఒక ఆదివారం ఆ కొండమీదికి నడిచి చూడవచ్చు. ఇల్లు ఉంది, లోపలికి పోనివ్వరు. అది ఇప్పుడు ఇంకొకరిది. 'టు లెట్' అంటే అద్దెకివ్వబడును అని కదా అర్థం. ఫోర్‌సైట్ల కాలమంతా అద్దెకు పెట్టేసిన ఇల్లులా సోమ్స్‌కి అనిపించడంతో ఆ నవల ముగుస్తుంది.

మా తమ్ముడి దగ్గరినుంచి జవాబు పోయిన శనివారం వచ్చింది. ఏం నిర్ణయించుకున్నాడో ఇంకా చెప్పలేదు, మేము అడగలేదు. ఉత్తరం రెండుసార్లు చదివానన్నాడు, ఒకసారి ఆ అమ్మాయితో కలిసి చదివాడట. వాళ్ళ ఇంట్లో ఈ కథ మరోలా చెబుతారట, అక్కడా ఒకరు దిగులుతోనే పోయారట. కిందటి నెల ఇద్దరూ కలిసి ఊరు వెళ్ళి ఆ బోదె ఎక్కడుందో వెతికారట. పొలాలు ఇటూ అటూ కూడా అమ్ముడైపోయి, ఇళ్ళస్థలాలకి చదును చేసి, తెల్లరాళ్ళు పాతారు. బోదె పూడిపోయి ఎక్కడుందో తెలియలేదు. "అక్కడెవర్నో అడిగితే వాళ్ళకీ తెలియదన్నారు," అని వ్రాశాడు. "మీకు గుర్తుంటే చెప్పండి, ఎటువైపునుంచి ఎటు పారేది?"

మేమిద్దరం కాగితమ్మీద గీసి చూసుకున్నాం. ఇద్దరం రెండు రకాలుగా గీశాం.